కోచ్ గారి చేతిరాత

పోయిన వారం మనం ఆగింది ఒక మాట దగ్గర. కోచ్ హోయ్ట్ మెర్కర్ జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, బల్ల మీద పరిచిన ఉత్తరాల్లో ఒకదాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చూసి, "ఇది నా చేతిరాత కాదు" అన్నాడు.

ఆ మాట నిజం. పందొమ్మిదేళ్ళలో ఆయన నోటి వెంట నేను విన్న మాటల్లో అంత శుభ్రమైన నిజం ఇంకొకటి లేదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. నా పేరు నోరీన్ షాంక్స్. దక్షిణ ఇండియానాలో ఎల్డ్రిడ్జ్ స్టేట్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఆఫీసులో సెక్రటరీని. డెర్విన్ గ్యాస్కిన్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడు మా జట్టులో రెండు సీజన్లు ఆడాడు. ఈ జనవరిలో వాడి మోకాలు పోయింది. జూన్ మొదటి వారంలో, "వచ్చే ఏడాదికి మీ స్కాలర్‌షిప్ పొడిగించడం లేదు" అని వాడికి కాగితం వెళ్ళింది. స్కాలర్‌షిప్ లేకపోతే వాడికి ఇక చదువు లేదు, కాలికి ఇంకో ఆపరేషన్ కూడా లేదు. వాళ్ళమ్మ వర్నెల్, గ్యారీ అనే ఊరి నుంచి బస్సెక్కి వచ్చి అప్పీలు కమిటీ ముందు కూర్చుంది. వాడిని మా జట్టులోకి రప్పించడానికి కోచ్ రాసిన అరవై ఒక్క ఉత్తరాలు ఆమె సంచిలో ఉన్నాయి. వాటిలో ఒకదానిలో స్పష్టంగా ఉంది: "దెబ్బ తగిలినా, ఒక్క ఆట ఆడకపోయినా, మీ వాడి నాలుగేళ్ళ చదువుకి పూచీ నాది."

ఆ అరవై ఒక్కటీ రాసింది నేను. ఆ సంగతి గదిలో ఇద్దరికే తెలుసు. ఒకరు కళ్ళజోడు పెట్టుకుని ఉత్తరం చూస్తున్నారు. రెండో మనిషి మూల కుర్చీలో కూర్చుని మినిట్స్ రాసుకుంటోంది. కమిటీకి సొంత గుమస్తా లేక నన్ను మా ఆఫీసు నుంచి అరువు తెచ్చుకున్నారు. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదే కాబోలు.

మీరేమనుకుంటారో నాకు తెలుసు. ఆ క్షణంలో నా గుండె ఆగిపోయి ఉంటుందని, చెమటలు పట్టి ఉంటాయని. ఏమీ లేదు. నా పెన్సిల్ "ఇది నా చేతిరాత కాదు" అని షార్ట్‌హ్యాండ్‌లో నాలుగు గీతలు గీసి, తరువాతి మాట కోసం ఆగింది. పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవి మన ముఖానికే ఉన్నా మనది కానట్టు ఉంటుంది చూడండి, నాకు ఒళ్ళంతా అలా ఉంది.

"కాదంటే?" అంది వర్నెల్. లావుపాటి మనిషి కాదు, పొడుగు మనిషి. ఆదివారం చర్చికి వేసుకునే నీలం గౌనులో వచ్చింది. "కింద సంతకం ఉంది కదా సార్. సంతకం కూడా మీది కాదా?"

"కాదమ్మా. చాలా విచారంగా ఉంది, కానీ కాదు."

"మా ఇంటి సోఫాలో కూర్చుని, నేను పీచ్ పళ్ళతో చేసిన తీపి కాబ్లర్ రెండుసార్లు అడిగి వేయించుకుని తిన్నది కూడా మీరు కాదేమో?"

"అది నేనే" అన్నాడు కోచ్, నవ్వి. ఆ నవ్వు చూసి కొడుకులను అప్పగించిన తల్లులు ఈ రాష్ట్రంలో ఇంటింటికీ ఉన్నారు. "అంత మంచి కాబ్లర్ మళ్ళీ తినలేదు. కానీ ఈ ఉత్తరం నేను రాయలేదు. ప్రొఫెసర్ గారూ, ఒక కాగితం ఇప్పిస్తారా?"

కమిటీ అధ్యక్షురాలు ప్రొఫెసర్ ఇడా లిండ్‌క్విస్ట్ కెమిస్ట్రీ చెబుతుంది. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి ఒక్క ఆట కూడా చూడని వింత మనిషి. ఆవిడ తన పసుపు ప్యాడ్‌లోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. కోచ్ ఆ ఉత్తరంలోని మొదటి వాక్యాన్నే దాని మీద రాసి, కింద సంతకం చేసి తిప్పి పెట్టాడు. కోడి కెలికినట్టు ఉంది. ఆవిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది మందుల షాపువాడు కూడా చదవలేడు" అంది చివరికి.

"నా భార్య కూడా అదే అంటుంది."

ఆ కోడి కెలుకుడే ఈ కథకంతా మూలం. నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో కోచ్ తను రాసిన ఉత్తరం ఒకటి నా బల్ల మీద పడేసి, "ఇది చూసి ఏ తల్లైనా కొడుకుని నా చేతిలో పెడుతుందా? నువ్వు రాయి. కోచ్ అనేవాడు ఎలా రాస్తాడని వాళ్ళు అనుకుంటారో అలా రాయి" అన్నాడు. సరేనని నేనొక రాత తయారు చేశాను. కాస్త కుడికి వాలిన పెద్ద అక్షరాలు, కాగితం వెనక తడిమితే తెలిసేలా గట్టిగా నొక్కి రాసే మగవాడి రాత. ఏళ్ళ తరబడి రాసి రాసి నా సొంత రాత ఎలా ఉండేదో మరచిపోయాను. ఇప్పుడు కిరాణా చీటీ కూడా ఆ రాతలోనే వస్తుంది. మా చెల్లెలు ఒకసారి నేను పంపిన పుట్టినరోజు కార్డు చూసి, "ఇదేంటే, ఎవరో బావగారు రాసినట్టుంది" అంది. నాకు పెళ్ళి కాలేదు.

జట్టులోకి పిలిచే కుర్రాళ్ళకు ఫోన్లు వారానికి ఒకటే చెయ్యాలని నిబంధన వచ్చాక ఉత్తరాలకు గిరాకీ పెరిగింది. ఉత్తరాలకు లెక్క పెట్టాలని పైవాళ్ళకు తోచలేదు. రోజుకు పన్నెండు రాసిన రోజులున్నాయి. ఎవరికి ఏమి రాయాలో చెప్పడానికి కార్డులుండేవి. కోచ్ ఏ కుర్రాడి ఇంటికి వెళ్ళి వచ్చినా ఒక కార్డు నింపేవాడు. కుక్క పేరు, చర్చి పేరు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది. అట్టడుగున ఒక గీత, "తల్లి భయం" అని. మిగతా యూనివర్సిటీల వాళ్ళకూ కార్డులుంటాయి గాని ఆ గీత మాత్రం మా కోచ్ సొంత తెలివి. ఒక తల్లికి చలి భయం. ఒకామెకు కొడుకు చర్చి మానేస్తాడేమోనని. ఇంకొకామెకు విమానమంటే భయం. ఆ భయానికి మందు రాయడం నా పని.

వర్నెల్ కార్డు మీద ఉన్నది నాకు కంఠతా వచ్చు. "దెబ్బ తగిలితే గెంటేస్తారని. తీసెయ్." అంతే. కోచ్ తీసెయ్యమన్నది భయాన్ని, నేను తీసేశాను. నాలుగేళ్ళు అన్న మాట నా పెన్నులోంచి వచ్చింది. స్కాలర్‌షిప్ ఏడాదికే ఇస్తారని, మళ్ళీ ఇవ్వడం మానడం కోచ్ ఇష్టమని నాకు తెలియదా? ప్రతి జూన్‌లో ఆ కాగితాలు టైపు చేసేది నేనే. డెర్విన్‌కి వెళ్ళిన కాగితం కూడా నేనే టైపు చేశాను. ఆ రోజు మధ్యాహ్నం టర్కీ సాండ్‌విచ్ తిన్నాను, బాగానే తిన్నాను.

"కవర్లున్నాయా?" అని అడిగాడు కమిటీలో రెండో సభ్యుడు, యూనివర్సిటీ లాయర్ ప్రూయిట్. "కవర్ల మీద పోస్టాఫీసు ముద్ర ఉంటుంది."

"కవర్లెవరు దాస్తారు సార్? పారేశాను."

"పోనీ, ఈ కాగితం మన యూనివర్సిటీదే కదా? పైన ముద్ర ఉంది" అంది ప్రొఫెసర్, కోచ్ వైపు చూసి.

"వేసవి శిబిరానికి వచ్చిన ప్రతి కుర్రాడికీ ఆ ప్యాడ్ ఒకటి ఇస్తాం మేడమ్. టోపీ, చొక్కా, ప్యాడ్. డెర్విన్‌కీ ఇచ్చాం."

దాని అర్థం గదిలో మెల్లగా దిగింది. కోచ్ అంతకు మించి ఒక్క మాట అనలేదు. అనవలసిన పని లేదు. అటువంటివి ఆయన వదిలేస్తాడు, ఎవరో ఒకరు అందుకుంటారు. లాయర్ అందుకున్నాడు.

"అంటే, ఈ ఉత్తరం ఇంకెవరో తయారు చేసి ఉండవచ్చు."

"ఇంకెవరో అంటే?" వర్నెల్ గొంతు పెరగలేదు. "ఎవరి పేరు చెప్పడానికి నోరు రావట్లేదు మీకు? నా పేరేగా? హాస్పిటల్ లాండ్రీలో పది గంటలు నిలబడి, ఇంటికొచ్చి, కూర్చుని కోచ్ గారి రాత నేర్చుకున్నానా? అది కూడా ఈయన రాత కాదంటున్నారే! ఈయనది కాని రాతని నేర్చుకోవడమెందుకు నాకు? ఫోర్జరీ చేసేదాన్నే అయితే సరిగ్గా చేసి ఉండనా?"

ప్రొఫెసర్ పెదవి కొస కదిలింది. మూడో సభ్యుడు, వ్యవసాయ కళాశాల పెద్దాయన, బల్ల కిందికి చూశాడు. ఆయనకు ఏటా బాస్కెట్‌బాల్ కోర్టు పక్క వరసలో రెండు టికెట్లు వెళ్తాయి. పంపేది నేనే.

డెర్విన్ గదిలో లేడు. మొదటి ఐదు నిమిషాలు మాట్లాడించి బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. కుర్రాడి ముందు నోరు విప్పడం తనకు కష్టమని, వాణ్ణి బయటికి పంపమని కోచ్ అడిగాడు. ఆ అడగడంలో నిజంగానే కొంచెం కష్టం ఉంది, అది కూడా చెప్పాలి.

ప్రొఫెసర్ పసుపు ప్యాడ్ ముందుకు లాక్కుంది. "ఈ ఉత్తరం ఎవరిదైనా కానివ్వండి. నేను యూనివర్సిటీకి కొన్ని మార్పులు రాసి పంపాలనుకుంటున్నాను. కోచ్ గారు ఏమంటారో వినాలి. చదువుకి ఇచ్చే స్కాలర్‌షిప్ చదువు అయ్యేదాకా ఉండాలి, మోకాలు ఉన్నంతవరకు కాదు."

"బాగుంది. దాంతో పాటు నాకూ అలాంటిదే ఇప్పించండి మేడమ్. రెండు సీజన్లు ఓడితే నన్ను తీసేస్తారు."

"కోచ్ వేరే చోటికి వెళ్ళిపోతే ఆయన్ని నమ్మి వచ్చిన కుర్రాడు కూడా వెళ్ళిపోవచ్చు. కొత్త చోట ఆడనివ్వకుండా ఒక ఏడాది ఖాళీగా కూర్చోబెట్టకూడదు."

"ఊఁ."

"కుర్రాడి ఇంటికి వెళ్ళేటప్పుడు ఆటతో సంబంధం లేని పంతులొకరు వెంట వెళ్ళాలి. మీరేం చెప్పారో వినడానికి."

"మీరే రండి. గ్యారీలో కాబ్లర్ బాగుంటుంది" అన్నాడు కోచ్. వ్యవసాయం పెద్దాయన నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

ఆవిడ మంచి మనిషి. కానీ నిబంధన అచ్చయి వచ్చిన రోజున దానికి సందు వెతికే పని ఎవరికి పడుతుందో ఆవిడకు తెలియదు. మా ఆఫీసులో ఆ నిబంధనల పుస్తకాన్ని అందరికంటే ముందు చదివేది నేను. పంతులు వెంట రావాలంటే, ఏ పంతులుకు ఆటంటే పిచ్చో నాకు తెలుసు. ఆయనకు రెండు టికెట్లు పంపిస్తాను.

లాయర్ గడియారం చూసుకుని పది నిమిషాలు విరామం అన్నాడు.

జిరాక్స్ మెషిన్ ఉన్న చిన్న గదిలో కాఫీ పోసుకుంటుంటే కోచ్ వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"బాగా నడుస్తోందా, నోరీన్? అంతా రాసుకుంటున్నావా?"

"రాసుకుంటున్నాను కోచ్."

"నువ్వు మాట్లాడవలసిన పనేమీ రాదు. ఆవిడ మీద ఎవరూ కేసు పెట్టరు. ప్రూయిట్‌తో మాట్లాడాను. ఆవిడ అప్పీలు వెనక్కి తీసుకుంటుంది, ఇంటికెళ్తుంది, అంతే."

"వాడి కాలు?"

"నాకు మాత్రం జాలి లేదనుకున్నావా? నా దగ్గర స్కాలర్‌షిప్ కుర్చీలు పదమూడే ఉన్నాయి. ఒకదాంట్లో ఆడలేని వాణ్ణి కూర్చోబెట్టి పన్నెండు మందితో ఓడిపోతే రోడ్డున పడేది నేను, నాతో పాటు నువ్వు. నీకు పెన్షన్‌కి ఇంకా రెండేళ్ళుంది. పైగా నువ్వు నోరు తెరిస్తే వాడికేం ఒరుగుతుంది? గుమస్తా ఇచ్చిన మాట యూనివర్సిటీ ఎందుకు నిలబెట్టాలంటాడు ప్రూయిట్. ఆ కుర్రాడూ మునుగుతాడు, నువ్వూ మునుగుతావు."

ఆయన చెప్పింది తప్పని చూపించలేకపోయాను. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు మంచు తుఫానులో నలభై మైళ్ళు కారు నడిపి నన్ను తీసుకెళ్ళింది ఈయనే. ఇదే గొంతు అప్పుడూ, ఇదే గొంతు ఇప్పుడూ. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. అది డెర్విన్ విషయంలో. నేనింకా ఓడలోనే ఉన్నాను కాబట్టి మల్లయ్యనే.

"ఆ కార్డుల డ్రాయరు ఈ సాయంత్రం ఖాళీ చేసెయ్" అన్నాడు వెళ్తూ. "పాతబడిపోయాయి."

"సరే కోచ్" అన్నాను. పందొమ్మిదేళ్ళుగా నా నోటికి పాఠమైన మాటలు.

మళ్ళీ కూర్చున్నాక లాయర్ ఒక కాగితం వర్నెల్ ముందుకు జరిపాడు. మర్యాదగానే మాట్లాడాడు. అప్పీలు వెనక్కి తీసుకుంటున్నట్టు, ఉత్తరాలు ఫలానా వారివని ఇకమీదట ఎక్కడా అననని అందులో ఉంది. సంతకం పెడితే యూనివర్సిటీ ఈ ఉత్తరాల సంగతి ఇంతటితో వదిలేస్తుంది. పెట్టకపోతే వాటిని పరీక్షకు పంపించాలి, అప్పుడు విషయం పోలీసుల దాకా వెళ్ళవచ్చు. ఇంకెవరి దగ్గరైనా ఇలాంటి ఉత్తరాలున్నాయేమో వెతుక్కోవడానికి ఆమెకు వ్యవధి లేదు. అప్పీళ్ళకు గడువు జూలై ఒకటి, ఆ రోజు జూన్ ఇరవై ఎనిమిది.

వర్నెల్ కాగితం రెండుసార్లు చదివింది. పెన్ను తీసుకుంది. ప్రొఫెసర్ ఏదో అనబోయి, లాయర్ వైపు చూసి ఆగింది.

"సంతకం పెడతాను" అంది వర్నెల్. "మా వాడు వికలాంగుడు, పైగా తల్లి జైల్లో అంటే వాడు తట్టుకోలేడు. కానీ ఇవాళ ఇక్కడ నా గురించి ఏం రాశారో వినాలి ముందు. అది ఎక్కడో ఫైల్లో శాశ్వతంగా ఉంటుంది కదా." ఆమె నా వైపు తిరిగింది. "చదివి వినిపించమ్మా."

నేను ప్రొఫెసర్ వైపు చూశాను. ఆవిడ తల ఊపింది.

చదవడం మొదలుపెట్టాను. మినిట్స్ చదివే గొంతు ఒకటి ఉంటుంది, ఎత్తూ పల్లమూ లేని గొంతు. అందులో అందరి మాటలూ ఒకేలా వినిపిస్తాయి. తేదీ, హాజరైన వారు, డెర్విన్ గ్యాస్కిన్ చెప్పింది ఐదు వాక్యాలు. శ్రీమతి గ్యాస్కిన్ అరవై ఒక్క ఉత్తరాలు దాఖలు చేశారు. కోచ్ మెర్కర్ వాటిలో ఒకదానిని పరిశీలించి, ఇది నా చేతిరాత కాదు అన్నారు. శ్రీమతి గ్యాస్కిన్, సంతకం కూడా మీది కాదా అని అడిగారు. కాదని కోచ్ అన్నారు. న్యాయవాది, ఉత్తరం ఇంకెవరో తయారు చేసి ఉండవచ్చు అన్నారు. సెక్రటరీ నోరీన్ షాంక్స్, ఆ ఉత్తరం నేను రాశాను అన్నారు. శ్రీమతి గ్యాస్కిన్, ఇంకెవరో అంటే ఎవరు అని అడిగారు.

మరో రెండు వాక్యాలు చదివాక ప్రొఫెసర్ చెయ్యెత్తింది.

"ఆగండి. ఒక వాక్యం వెనక్కి వెళ్ళండి. కాదు, ఇంకా వెనక్కి. ఆ మాట ఎవరన్నారు?"

"నేను."

"ఎప్పుడన్నారు? నేను వినలేదే."

"ఇప్పుడే మేడమ్."

నా పుస్తకంలో ఆ వాక్యం లేదు. నోరు దాని పని అది చేసుకుపోయింది. ధైర్యం అని ఎవరైనా అంటే ఒప్పుకోను. ధైర్యం వచ్చిన మనిషికి అది వచ్చినట్టు తెలియాలి కదా.

"నోరీన్ కొన్నాళ్ళుగా బాగా అలసిపోయి ఉంది" అన్నాడు కోచ్, చాలా మెత్తగా.

ప్రొఫెసర్ లేచి వచ్చి తన పెన్ను, పసుపు కాగితం నా ఒళ్ళో పెట్టింది. నేను రాశాను. "దెబ్బ తగిలినా, ఒక్క ఆట ఆడకపోయినా, మీ వాడి నాలుగేళ్ళ చదువుకి పూచీ నాది." కింద హోయ్ట్ మెర్కర్ అని సంతకం చేశాను. ఆవిడ ఉత్తరం పక్కన పెట్టి చూసింది, తరువాత లాయర్‌కు ఇచ్చింది. లాయర్ వ్యవసాయం పెద్దాయనకు ఇచ్చాడు. ఆయన తన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అయితే ఇది గుమస్తా ఇచ్చిన హామీ" అన్నాడు లాయర్, తేరుకుని. "కోచ్‌కి దీనితో సంబంధం లేదు."

"నాలుగేళ్ళు అన్న మాట నాదే" అన్నాను. "భయం తీసెయ్ అన్న ఆజ్ఞ కోచ్‌ది. కార్డు ఉంది. ఆయన రాతలోనే ఉంది, ఇందాక మీరు చూసిన రాత. మా ఆఫీసులో ఇనప బీరువా రెండో డ్రాయరు. ఈ సాయంత్రం ఖాళీ చెయ్యమన్నారు."

కోచ్ నా వైపు చూడలేదు. తన చేతులు చూసుకుంటున్నాడు.

"ఇలాంటివి ఎంతమందికి రాశారు?" అంది ప్రొఫెసర్.

"అందరికీ. పందొమ్మిదేళ్ళు."

"మేడమ్, ప్రతి యూనివర్సిటీలోనూ ఇదే పద్ధతి" అన్నాడు కోచ్. గొంతులో ఇప్పుడు కాబ్లర్ లేదు. "మీ డీన్ ఉత్తరాలు డీనే రాస్తాడనుకుంటున్నారా?"

"డీన్ ఎవరి మోకాలికీ పూచీ పడడు." ఆవిడ పసుపు ప్యాడ్ మీద రాసుకున్నదంతా ఒకసారి చూసింది. "ఉత్తరాల నకళ్ళు దాచాలని రాశాను. సంతకం పెట్టేవాడే పెన్ను పట్టుకోవాలని రాయాలని తోచనే లేదు నాకు. మిస్టర్ ప్రూయిట్, ఈ ఉత్తరం ఎవరి కాగితం మీద ఉంది? ఎవరి జీతం తీసుకునే మనిషి, ఎవరి ఆఫీసులో, ఎవరి పనివేళల్లో రాసింది?"

లాయర్ నీళ్ళు నమిలాడు. "యూనివర్సిటీ..."

"అయితే మాట ఇచ్చింది యూనివర్సిటీ. నాకది చాలు. మీరు లేచి వెళ్ళి ఆ డ్రాయరుకు సీలు వేయించండి."

లాయర్ వెళ్ళాడు. సంతకం పెట్టవలసిన కాగితాన్ని ప్రొఫెసర్ నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది. నాలుగేళ్ళలో మిగిలిన రెండేళ్ళూ డెర్విన్‌కి వస్తాయని అప్పుడే నాకు తెలిసింది. నా ఉద్యోగం పోయిందని కూడా. రెండింటికీ లోపల ఏమీ కదల్లేదు.

వర్నెల్ నన్ను చూస్తోంది. కృతజ్ఞతగా చూస్తుందని నేను అనుకోలేదని చెబితే అబద్ధం. కొంచెం అనుకున్నాను.

"నోరీన్ అంటే నువ్వేనా? ఫోన్‌లో మాట్లాడేదానివి. మా వాడి దగ్గు తగ్గిందా అని అడిగేదానివి."

"నేనేనమ్మా."

"అరవై ఒక్కటి తెచ్చాను. అసలు వచ్చినవి అరవై రెండు." ఆమె ఉత్తరాలను ఒకదాని మీద ఒకటి పేర్చుతోంది, లాండ్రీలో దుప్పట్లు మడిచే చేతులతో. "ఒకటి వాడు నాకివ్వలేదు. ఎవరికీ ఇవ్వడు. పర్సులో పెట్టుకు తిరుగుతాడు. వాడు ఇక్కడ చేరకముందు మార్చిలో వచ్చింది, మిల్లులో పోయిన వాళ్ళ నాన్న వర్ధంతికి. పన్నెండేళ్ళప్పుడు నాకూ నాన్న పోయాడు, ఆయన బూట్లలో కాళ్ళు పెట్టుకుని వరండాలో కూర్చునేవాణ్ణి అని కోచ్ రాశాడు. అది కూడా నువ్వేనా?"

కోచ్ వాళ్ళ నాన్నగారు ఫ్లోరిడాలో గోల్ఫ్ ఆడుకుంటున్నారు. క్రిస్మస్‌కి మా ఆఫీసుకు నారింజ పళ్ళ పెట్టె పంపిస్తారు.

"నేనే. పోయింది మా నాన్న" అన్నాను. "రాతి క్వారీలో."

ఆమె చేతులు ఆగాయి.

"ఎనిమిది యూనివర్సిటీలు పిలిచాయమ్మా వాణ్ణి" అంది నెమ్మదిగా. "ఈ ఊరు వద్దురా అన్నాను నేను. వాడు ఆ ఉత్తరం నాకు చదివి వినిపించి, 'అమ్మా, ఈయనకి తెలుసే' అన్నాడు. ఇంక నేనేమంటాను? మోకాలు పోయిన రోజు కూడా నాకంటే ముందు కోచ్‌కి ఫోన్ చేశాడు వాడు."

కోచ్ గొంతు సవరించుకున్నాడు. "శ్రీమతి గ్యాస్కిన్, ఆ కుర్రాడంటే నాకు నిజంగానే..."

"మీరు కూర్చోండి సార్."

ఆయన కూర్చునే ఉన్నాడు.

"రెండేళ్ళ సంగతి వీళ్ళు చూసుకుంటారు" అంది నాతో. "ఇది మాత్రం నేను వాడికి చెప్పలేను. వాళ్ళ నాన్న పోయాడని ఒకసారి చెప్పాను, మళ్ళీ చెప్పడం నా వల్ల కాదు. రాసింది నువ్వు. వెళ్ళి నువ్వే చెప్పు."

ప్రొఫెసర్ అడ్డం చెబుతుందేమోనని చూశాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి ఉంది.

లేచాను. తలుపుకు ఎనిమిది అడుగులుంటుంది. నాలుగో అడుగులో నాకు భయం వేసింది. అసలైన భయం. తిమ్మిరెక్కిన కాలికి రక్తం తిరిగొస్తే ఎంత నొప్పో అంత నొప్పి ఒళ్ళంతా పాకింది. వెనక్కి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని పెన్సిల్ పట్టుకుంటే బాగుండుననిపించింది. తలుపు తీశాను.

డెర్విన్ గోడ వారన బెంచీ మీద ఉన్నాడు, కట్టుకట్టిన కాలు ముందుకు చాపి. నన్ను చూడగానే చంక కర్రలు అందుకుని లేవబోయాడు. కూర్చోమన్నా వినలేదు. పూర్తిగా నిలబడి, ఆ ఎత్తు నుంచి నా వైపు వంగి నవ్వాడు.

"మిస్ నోరీన్, నాకేం కంగారు లేదు" అన్నాడు. "కోచ్ నా తరఫునే మాట్లాడారు కదా?"